మెత్తటి హెడ్డుకు గట్టి చూడీ

సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి పోయినవాడు ముందు టైర్ల గీతలు చూస్తాడు. కిక్ కొట్టి సైలెన్సర్‌లోంచి వచ్చే పొగ రంగు చూస్తాడు. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో సరిచూసుకుంటాడు. కొంచెం తెలిసినవాడైతే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే పోయి మొదటి కిక్కుకు అందుకుంటుందో లేదో చూస్తాడు. ప్లగ్గు విప్పి, సిలిండర్ హెడ్డులో అది కూర్చునే రంధ్రంలోకి టార్చి వేసి చూసేవాళ్లు మాత్రం అరుదు. అమ్మేవాడు విప్పనివ్వడు కూడా. విప్పిన ప్లగ్గు మళ్లీ బిగుస్తుందన్న నమ్మకం అతనికే ఉండదు.

ఆ రంధ్రంలో ఉండేవి పదో పదిహేనో చూడీలు, అంటే మర చుట్లు. 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు చూడీకీ చూడీకీ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. ప్లగ్గు మెడ పొడవు 12.7 మిల్లీమీటర్లైతే పది చుట్లు, 19 అయితే పదిహేను. వాటి మీద పడే బరువు లెక్కేసి చూడండి. పెట్రోలు మండినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోల దాకా పోతుంది. 14 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే మండిన ప్రతిసారీ ప్లగ్గును 75 కిలోల బలం కింద నుంచి బయటికి తోస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఈ తోపు సెకనుకు 25 సార్లు. పైగా ఆ బరువును చూడీలన్నీ సమానంగా పంచుకోవు. మొదటి చూడీ ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది, రెండోది అంతకంటే తక్కువ, చివర ఉన్నవి పేరుకే ఉంటాయి.

కాబట్టి మొదటి రెండు మూడు చూడీలు చెడితే చాలు, మిగతావన్నీ వరసగా వాటి దారే పడతాయి. ముందు ప్లగ్గు చుట్టూ నల్లటి నూనె మరక కనిపిస్తుంది. తర్వాత కిక్ కొట్టినప్పుడల్లా చుస్సుమని గాలి. సబ్బు నీళ్లు పోస్తే బుడగలు. అప్పటికీ బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు వరంగల్‌లో ములుగు రోడ్డు మీద రేజ్ ఇవ్వగానే ఠప్పుమని ప్లగ్గు ఎగిరి, వైరుకు వేలాడుతుంది. తోసుకుంటూ తీసుకుపోతే మెకానిక్కు రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూసి చెప్పేది ఒకటే మాట: "చూడీలు పోయినయ్ తమ్మీ. హెడ్డు దించాలె."

చూడీలు ఊరికే పోవు, పోగొట్టేది మనిషి చెయ్యే. టూ స్ట్రోక్ బండ్ల కాలంలో దీనికి అవకాశం రోజూ ఉండేది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్టుకు బస్తా వేసుకుని వచ్చే టీవీఎస్ మోపెడ్లను గుర్తు తెచ్చుకోండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాళ్లు. ఆ ఆయిలు సగం కాలి ప్లగ్గు మొన మీద మసిగా పేరుకునేది. బండి ఆగిపోతే టూల్ బాక్సులోంచి ప్లగ్ పానా తీయడం, ప్లగ్గు విప్పడం, గరుకు కాగితంతో గీకడం, నోటితో ఊదడం, హెడ్డుకు ఆనించి కిక్ కొట్టి నిప్పు వస్తోందా లేదా చూడటం, మళ్లీ బిగించడం. ఇదంతా రోడ్డు పక్కన, చెమట చేతులతో, వేడి ఇంజన్ మీద. హెడ్డు అల్యూమినియంది, వేడి మీద ఇంకా మెత్తబడుతుంది. వంకరగా పెట్టిన ప్లగ్గు పానా బలానికి ఒక చూడీ వదిలేసి పక్క చూడీలోకి ఎక్కుతుంది. బిగుతుగా తిరుగుతోంది కదా, బాగా పట్టిందనుకుంటాం. నిజానికి అప్పుడు ఉక్కు ప్లగ్గు అల్యూమినియాన్ని కోసుకుంటూ కొత్త దారి చేసుకుంటోంది. గోటితో పోయేదానికి గొడ్డలి పెట్టడమంటే ఇదే.

ఫోర్ స్ట్రోక్ బండ్లు వచ్చాక జబ్బు ఇంకో వైపు తిరిగింది. ఇప్పుడు ప్లగ్గును ఏళ్ల తరబడి ఎవరూ ముట్టరు. ఉక్కు, అల్యూమినియం పక్కపక్కనే ఉండి, వాన నీళ్లూ మసీ చేరితే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది, చల్లారితే అంతే కుంచించుకుంటుంది. వేడి హెడ్డులో బిగించిన ప్లగ్గును చల్లారిన హెడ్డు బిగబట్టేస్తుంది. మూడో ఓనరు చేతిలో మొదటిసారి ప్లగ్గు విప్పితే అది ఒంటరిగా రాదు, అల్యూమినియం చూడీలను కూడా వెంటబెట్టుకుని వస్తుంది.

ఇంజన్లు పుట్టిన కొత్తలో ఈ బాధ దాదాపు లేదు. ప్యారిస్‌లో ఎటియెన్ లెన్వార్ 1860లో తన గ్యాస్ ఇంజన్‌కు విద్యుత్ నిప్పురవ్వతో మంట పెట్టినప్పుడు పింగాణీ తొడిగిన ప్లగ్గునే వాడాడు. 1898లో నికోలా టెస్లా ఇంజన్ ఇగ్నిషన్ మీద పేటెంటు తీసుకున్నాడు. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనల్డ్ హై వోల్టేజి మాగ్నెటోను, దానికి తగ్గ ప్లగ్గును కలిపి తయారుచేశాడు. మోటారు బండికి నమ్మకమైన నిప్పు దొరికింది అక్కణ్నుంచే. అప్పట్లో హెడ్లు పోత ఇనుమువి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ప్లగ్గు చూడీ అర అంగుళం పైపు చూడీ, అంటే నల్లాకు బిగించే రకం. ఇనుములో ఉక్కు కూర్చుంటుంది, రెండూ మొండివే. మన అంబాసిడర్ హెడ్డు కూడా ఇనుమే. ఆ కారు ప్లగ్గును ఎంత మోటుగా బిగించినా హెడ్డు ఓర్చుకునేది. అంబాసిడర్ మీద పని నేర్చుకున్న చేతులు 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 అల్యూమినియం హెడ్డు మీద పడ్డప్పుడు ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత లోహాలకూ వర్తిస్తుంది.

అల్యూమినియం హెడ్డు కావాలని మొదట పట్టుబట్టింది విమానాలవాళ్లు. బరువు తగ్గాలి, గాలితో చల్లబడే సిలిండర్ వేడిని త్వరగా బయటికి వదిలెయ్యాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో గిబ్సన్, శామ్ హెరాన్ అనే ఇంజనీర్లు ఈ సిలిండర్ల మీద పని చేశారు. 1921లో హెరాన్ అమెరికా పోయి ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని మెకుక్ ఫీల్డ్ అనే సైనిక పరిశోధనా కేంద్రంలో చేరాడు. అల్యూమినియం హెడ్డుతో వచ్చిన చిక్కులు అక్కడ రోజూ కళ్లకు కట్టేవి. మెత్తటి లోహంలో ప్లగ్గు నేరుగా బిగిస్తే నాలుగు రోజులు ఉండదని తెలిసి, హెడ్డులో ముందుగానే కంచు బుష్షు దిగ్గొట్టి, ఆ బుష్షులో చూడీలు కోసేవాళ్లు. బాగానే పనిచేసేది, కానీ బుష్షుకు చోటు కావాలి, దాన్ని కదలకుండా పిన్ను వేసి కట్టాలి, కంచు వేరు అల్యూమినియం వేరు కాబట్టి వేడికి ఏదో ఒకటి వదులయ్యేది.

అదే మెకుక్ ఫీల్డ్ ఇంజన్ విభాగంలో హెరాల్డ్ కామినెజ్ అనే ఇంకో ఇంజనీరు ఉండేవాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఇతనే, ఎందుకంటే ఇతని పెద్ద ఆలోచన దెబ్బతింది, చిన్న ఆలోచన ప్రపంచమంతా పాకింది. కామినెజ్‌కు క్రాంక్ షాఫ్ట్ అంటే గిట్టేది కాదు. దాని బదులు ఎనిమిది అంకె ఆకారంలో ఒక క్యామ్ పెట్టి, నాలుగు పిస్టన్ల కింద రోలర్లు బిగించి, అవి ఆ క్యామ్ మీద దొర్లేలా ఇంజన్ గీశాడు. క్యామ్ ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి పిస్టనూ నాలుగు స్ట్రోకులూ పూర్తి చేస్తుంది. అంటే షాఫ్ట్ మామూలు ఇంజన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. విమానం ఫ్యాన్‌కు నెమ్మదిగా తిరగడమే మంచిది కాబట్టి గేర్లు పెట్టే బాధ తప్పుతుంది. కాగితం మీద ఇంత అందమైన ఇంజన్ ఇంకోటి లేదు. 1920ల రెండో సగంలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ దాన్ని తయారుచేసి విమానాలకు బిగించింది కూడా. కానీ అది తిరిగేటప్పుడు పుట్టే అదురు ఎవరూ తట్టుకోలేకపోయారు. కొద్ది కాలానికే ఆ ఇంజన్ మూలన పడింది.

1930ల చివరికి కామినెజ్ న్యూయార్క్ నగరంలోని లాంగ్ ఐలండ్ సిటీలో ఎయిర్‌క్రాఫ్ట్ స్క్రూ ప్రొడక్ట్స్ అనే కంపెనీలో తేలాడు. పేరులోనే ఉంది, అక్కడ పనంతా మరల మీదే. అతను చేసిందిది: మెత్తటి లోహంలో కాస్త పెద్ద కొలతతో చూడీలు కోసి, అందులోకి గట్టి లోహపు తీగను చుట్టగా చుట్టి దింపాడు. బాల్ పెన్నులో ఉండే స్ప్రింగును చుట్టూ చుట్టూ ఆనుకునేలా నొక్కితే ఎలా ఉంటుందో, ఆ చుట్ట అలా ఉంటుంది. బయటి వైపు హెడ్డు చూడీలలో ఇరుక్కుంటుంది. లోపలి వైపు ఆ తీగే కొత్త చూడీ అవుతుంది.

ఇందులో రెండు తెలివైన సంగతులున్నాయి. చుట్టను రంధ్రం కంటే కొంచెం పెద్దగా చుడతారు. పట్టి, మెలిపెట్టి దింపేటప్పుడు అది సన్నబడుతుంది, వదలగానే విచ్చుకుని చుట్టూ ఉన్న చూడీలను అదిమి పడుతుంది. పిన్నులు, జిగురు అక్కర్లేదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. తీగ కాబట్టి ఒక్కో చుట్టూ కొంచెం కొంచెం సర్దుకోగలదు. మొదటి చూడీ మీదే మూడో వంతు బరువు పడే రోగం ఇక్కడ తగ్గుతుంది. బరువు అన్ని చుట్ల మీదా పరుచుకుంటుంది. పైగా ఆ చుట్ట హెడ్డును పట్టుకునేది ప్లగ్గు వ్యాసం కంటే పెద్ద వ్యాసం మీద, కాబట్టి అల్యూమినియంలో కోతకు గురయ్యే లోహం ఎక్కువ. ఈ తీగ వేసిన రంధ్రం వేయకముందు కంటే బలంగా ఉండటానికి కారణం ఇదే.

మొదటి రూపంలో దానికో ఇబ్బంది ఉంది. ఏరో థ్రెడ్ అనే పేరుతో వచ్చిన ఆ పద్ధతిలో బోల్టు చూడీ మామూలు కోణపు చూడీ కాదు, గుండ్రటి గాడి. అంటే తీగ చుట్టకు తగ్గ ప్రత్యేకమైన బోల్టులు, ప్రత్యేకమైన ప్లగ్గులు కావాలి. ప్రపంచం మాత్రం ఎప్పుడో కోణాల లెక్కకు అలవాటు పడిపోయింది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో 55 డిగ్రీలని ఖాయం చేశాడు. 1864లో విలియం సెల్లర్స్ అమెరికాలో 60 అన్నాడు. మెట్రిక్ చూడీ కూడా 60కే స్థిరపడింది. ఒక కంపెనీ కోసం దుకాణాల్లోని బోల్టులన్నీ ఎవరు మారుస్తారు? చివరికి మారింది తీగే. దాని అడ్డకోతను వజ్రం ఆకారంలోకి తెచ్చారు, అంటే లోపలి అంచూ 60 డిగ్రీలే, బయటి అంచూ 60 డిగ్రీలే. ఏ కంపెనీ ప్లగ్గైనా, ఏ మామూలు బోల్టైనా అందులో దిగుతుంది. ఈ తీగ చుట్టల మీద ఆ కంపెనీ తరఫున ఒటో హాస్ అనే ఇంకో ఆయన పేరనా పేటెంట్లు ఉన్నాయి. హెలీ కాయిల్ అన్న పేరు స్థిరపడింది. తర్వాతి కాలంలో ఆ పేరుతోనే కంపెనీ కనెక్టికట్‌లోని డాన్‌బరీ నుంచి నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం దానికి కావలసినంత పని ఇచ్చింది. బీ 29 బాంబర్‌కు నాలుగు ఇంజన్లు, ఒక్కో దానికి 18 సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. మొత్తం 144. 1944లో ఈ విమానాలు మన ఖరగ్‌పూర్ నుంచే ఎగిరాయి. 144 ప్లగ్గులను విప్పి బిగించే పనిలో ఒక్క చూడీ చెడితే హెడ్డు మొత్తం పారేయాల్సిన పరిస్థితిని ఏ సైన్యమూ ఒప్పుకోదు.

ఇక్కడే నా అసలు మాట ఉంది. విమానాలవాళ్లు ఈ తీగను చూడీ పోయాక వేయలేదు, కొత్త హెడ్డులోనే వేశారు. ఇవాళ కూడా లైకమింగ్, కాంటినెంటల్ కంపెనీల చిన్న విమాన ఇంజన్లలో ప్లగ్గు రంధ్రానికి తీగ చుట్ట ఫ్యాక్టరీలోనే పడుతుంది. మోటారు సైకిళ్లు, కార్లు చేసేవాళ్లకు ఆ నాలుగు రూపాయల ఖర్చు ఎక్కువనిపించింది. లక్షల బండ్లకు వేసే బదులు, పోయినవాడు చూసుకుంటాడులే అనుకున్నారు. కాబట్టి ఆకాశంలో డిజైన్ అనిపించుకునేది వరంగల్‌లో రిపేరు అయింది. మన మెకానిక్కు ఆ పనిచేసి డబ్బు అడిగితే, పాత హెడ్డుకు అతుకులేశాడని మనం ముఖం చిట్లిస్తాం.

ఈ విషయంలో పెద్ద కంపెనీ దెబ్బతిన్న కథ కూడా ఉంది. 1990ల చివర్లో అమెరికాలో ఫోర్డ్ ట్రైటన్ వీ8 ఇంజన్ల అల్యూమినియం హెడ్లలో ప్లగ్గును పట్టుకునే చూడీలు మరీ తక్కువగా ఉన్నాయి, నాలుగైదే. పికప్ ట్రక్కుల్లో నడుస్తూ నడుస్తూనే ప్లగ్గులు ఎగిరిపోయేవి. తర్వాతి హెడ్లలో చూడీలు పెంచారు. పాతవాటికి బుష్షు వేసే రిపేరు పద్ధతిని చివరికి కంపెనీయే తన డీలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ తీగ చుట్టలు రాకముందు ఏం చేసేవాళ్లు? విమానాలవాళ్లు మొదట్లో చేసిందే. లేత్ షాపుకు పోయి బుష్షు కొట్టించేవాళ్లు, ఇప్పటికీ కొట్టిస్తారు. లేత్ పని వరంగల్‌కు కొత్తదేమీ కాదు, వేయిస్తంభాల గుడిలో 1163 నాటి నల్లరాతి స్తంభాల మీద గుండ్రటి గాళ్లను చూస్తే తిప్పే పనిలో చెయ్యి తిరిగిన మేస్త్రీలు మనకు ఎప్పటి నుంచి ఉన్నారో తెలుస్తుంది. ఆటోనగర్ షాపుల్లో రాయికి బదులు ఉక్కు కడ్డీ, ఇత్తడి కడ్డీ. పెంబర్తి ఇత్తడి పక్క జిల్లాలోనే ఉన్నా అది రేకు పని, ఈ పనికి రాదు. ఇత్తడి కడ్డీని చక్కుకు బిగించి బయట 18 మిల్లీమీటర్ల చూడీ, లోపల 14 చూడీ కోస్తారు, తలకు చిన్న అంచు వదులుతారు. హెడ్డులో చెడిన రంధ్రాన్ని పెద్దది చేసి 18 ట్యాప్ తిప్పి, బుష్షు బిగించి, కదలకుండా అంచు మీద రెండు మూడు చోట్ల పంచ్ కొడతారు.

పాత చేతక్, పాత మోపెడ్ల హెడ్లకు ఇది చాలా మంచి రిపేరు. వాల్వులు లేని హెడ్డు, చుట్టూ కావలసినంత లోహం. మంచి మేస్త్రీ చేతి బుష్షు బండి తుక్కుకు పోయేదాకా ఉంటుంది. చెడ్డ మేస్త్రీ బుష్షుకు మాత్రం మూడు లోపాలు. అంచు మందంగా వదిలితే ప్లగ్గు అంతమేరకు పైకి లేస్తుంది, మొన మంట మధ్యకు చేరదు. బుష్షు హెడ్డుకు సరిగ్గా ఆనకపోతే ప్లగ్గు వేడి హెడ్డులోకి దిగదు. ప్లగ్గు చల్లబడేది ముఖ్యంగా చూడీల గుండా, వాషరు గుండానే. ఆ దారి మూసుకుపోతే మొన ఎర్రబడి, నిప్పు రాకముందే పెట్రోలు మండుతుంది, పిస్టను కొట్టుకుంటుంది. మూడోది అందరూ ఎరిగిందే: తర్వాతిసారి ప్లగ్గు విప్పితే బుష్షు కూడా దానికి అంటుకుని ఊడొస్తుంది.

వీటికంటే ముందు, ఏమీ దొరకనిచోట, క్లచ్ వైరు పోగు ఒకటి లాగి ప్లగ్గు చూడీల మీద చుట్టి బిగించేవాళ్లున్నారు. ఊరు చేరడానికి అది సరిపోతుంది. అది చూసి నవ్వుకోవచ్చు గానీ, చెడిన చూడీలోకి తీగ చుట్టాలన్న ఆలోచన కామినెజ్ పేటెంటు చదివితే వచ్చింది కాదు.

హెలీ కాయిల్ వేయడం దగ్గర నుంచి చూస్తే పని తక్కువ, ఓపిక ఎక్కువ. నేను చూసిన షాపులో హెడ్డు దించి బల్ల మీద పెట్టారు. వాల్వులు విప్పలేదు గానీ మసి తుడిచి, రంధ్రం చుట్టూ గీకి శుభ్రం చేశారు. ట్యాప్ రెండు మెట్లుగా ఉంటుంది. ముందు భాగం అసలు 14 కొలత, మిగిలిన పాత చూడీని పట్టుకుని నిటారుగా దారి చూపిస్తుంది. వెనక భాగం పెద్ద కొలత, సుమారు 15.6 మిల్లీమీటర్లు కోస్తుంది. మేస్త్రీ ట్యాప్ గాళ్లలో గ్రీజు నింపాడు, పొట్టు అందులో చిక్కుకోవాలని. కిరసనాయిలు నాలుగు చుక్కలు వేశాడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా పొట్టు తెగిన చిన్న చప్పుడు. సగంలో ట్యాప్ మొత్తం బయటికి తీసి తుడిచి, గ్రీజు మళ్లీ నింపాడు. పొడవైన కోత పట్టేస్తే అల్యూమినియం చిరుగుతుందని పక్కనున్న కుర్రాడికి చెప్పాడు.

తర్వాత తీగ చుట్టను తొడుగు కడ్డీకి ఎక్కించి తిప్పుతుంటే అది పడగ ముడుచుకున్నట్టు సన్నబడి లోపలికి దిగింది. పై అంచు హెడ్డు తలానికి కాస్త కిందనే ఆపాడు. పైకి ఉంటే వాషరు సరిగా ఆనదు, మరీ కిందికి పోతే కొన మంట గదిలోకి పొడుచుకు వచ్చి ఎర్రబడుతుంది. కొన్ని చుట్టలకు అడుగున చిన్న తోక ఉంటుంది, కడ్డీ పట్టుకోవడానికి. దాన్ని విరిచి తీసి బల్ల మీద పెట్టి చూపించాడు. హెడ్డు దించకుండా బండి మీదనే ఈ పని చేసే తొందరపాటువాళ్లుంటారు. తోక సిలిండర్‌లో పడితే, పొట్టు మిగిలితే, బోరుకు గీతలు పడతాయి. తిరిగి పని మొదటికొస్తుంది, ఈసారి పిస్టనుతో సహా.

ప్లగ్గు బిగించే ముందు బండి ఓనరు పిల్లవాడు పానా చేతిలోకి తీసుకున్నాడు. మేస్త్రీ లాక్కున్నాడు. "గట్టిగ బిగిస్తెనే ఉంటదనుకున్నవా తమ్మీ? ముందుగాల ఏళ్లతోని తిప్పు. ఆనినంక పానా ఏసి అర చుట్టు. గంతే. పాత ప్లగ్గైతే గంత గూడ వద్దు." కంపెనీల లెక్క కూడా ఇదే. కొత్త వాషరు ఉన్న ప్లగ్గును వేళ్లతో ఆనించాక అర చుట్టు, వాషరు ఒకసారి నలిగిన పాత ప్లగ్గుకు పన్నెండో వంతు. కొలిచే పానా ఉంటే అల్యూమినియం హెడ్డులో 14 ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, సన్నటి 10 ప్లగ్గుకు 10, 12 చాలు.

ఆ 10 మిల్లీమీటర్ల ప్లగ్గుతోనే ఇప్పుడు కొత్త చిక్కు. స్ప్లెండర్ దగ్గర నుంచి ఇప్పుడు రోడ్డు మీద తిరిగే చాలా బైకులకు ప్లగ్గు అంతే లావు. వాల్వులకు చోటు కావాలి, రంధ్రానికీ వాల్వు సీటుకూ మధ్య గోడ పలచబడింది. అందులో పెద్ద బుష్షుకు చోటు చేయబోతే గోడ పగులుతుంది. తీగకైతే రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు పైచిలుకు పెంచితే సరిపోతుంది. చూడీలతోపాటు చుట్టూ ఉన్న లోహం కూడా చిరిగిపోయి ఉంటే ఆర్గాన్ వెల్డింగు పెట్టి రంధ్రం పూడ్చి, మళ్లీ డ్రిల్లు చేసి ట్యాప్ తిప్పుతారు. ఆ వేడికి వాల్వు సీటు వదులవడం, హెడ్డు తలం వంకరపోవడం మామూలే, దాన్ని మళ్లీ చదును చేయించాలి. అప్పుడు కొత్త హెడ్డు ధర, వెల్డింగు ధర, లేత్ కూలీ పక్కపక్కన వేసి చూస్తే చాలాసార్లు కొత్త హెడ్డే చవక అనిపిస్తుంది.

తీగ కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చవక రకం ట్యాపులు రెండు హెడ్లకే మొద్దుబారతాయి, మంచి రకం ఖరీదెక్కువ. అందుకని వరసలో ఉన్న షాపులన్నీ అన్ని కొలతలూ కొనుక్కోవు. 14 కిట్టు ఒకరి దగ్గర, 10 కిట్టు ఇంకొకరి దగ్గర, 12 కిట్టు కార్ల మెకానిక్కు దగ్గర. హెడ్డు ఎవరి షాపులో దిగినా పిల్లవాణ్ణి పంపి కిట్టు తెప్పించుకుంటారు. అద్దె తీసుకోరు, వాడిన తీగ చుట్ట డబ్బులు మాత్రం కట్టిస్తారు.